పీకించాలా, ఉంచుకోవాలా: ఇంటిల్లిపాది పళ్లకు ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

మా పాపకు అప్పుడు ఆరేళ్లు. కింది దవడలో చివరి పాల పన్నుకి పెద్ద రంధ్రం పడింది. రాత్రయితే చాలు, పోటు అని ఏడ్చేది. "పాల పన్నే కదా డాక్టర్ గారూ, పీకేయండి. ఎలాగూ ఊడిపోయేదే" అన్నాను. ఆవిడ నాతో వాదించలేదు. చిన్న ఎక్స్-రే తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. పాల పన్ను వేళ్ల మధ్య, ఎముక లోపల, ఇంకా వేళ్లు కూడా ఏర్పడని మరో పన్ను మొగ్గలా ఒదిగి ఉంది. "ఇది బయటికి రావడానికి ఇంకో ఐదేళ్లు పడుతుంది. అందాకా దీనికి చోటు పట్టి ఉంచేది ఈ పాల పన్నే. ఇప్పుడు తీసేస్తే వెనక వచ్చే పెద్ద దవడ పన్ను ముందుకు జరిగి ఈ చోటులో కూర్చుంటుంది. అప్పుడు ఇది ఎటు నుంచి రావాలి?" అని అడిగారు.

పళ్ల విషయంలో ఏ రెండింటి మధ్య ఎంచుకోవాల్సి వచ్చినా, అప్పటి నుంచి నేను ముందు అడిగేది ఒకటే. ఇది చేయించాక, రేపు అవసరమైతే ఇంకో దారి మిగిలి ఉంటుందా? చర్మం తెగితే మానుతుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పన్ను పైపొర అయిన ఎనామెల్ అలా కాదు. ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే, కానీ దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి. చెక్కేసిన భాగం మళ్లీ పెరగదు. నేను డాక్టర్ని కాను. పిల్లలు, మేము, పెద్దవాళ్లు, ఇలా మూడు తరాల పళ్ల కోసం ఏళ్ల తరబడి తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మీ నోట్లో ఏముందో చూసి చెప్పాల్సింది మాత్రం మీ డాక్టరే.

మామూలు బ్రష్షా, ఎలక్ట్రిక్ బ్రష్షా?

ఏది కొన్నా కవర్ మీద 'సాఫ్ట్' అని ఉన్నదే కొనండి. గట్టి కుచ్చు అయితే బాగా శుభ్రమవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పాచి మెత్తటిది, అది పోవడానికి బలం అక్కర్లేదు. గట్టిగా రుద్దితే చిగురు వెనక్కి పోయి పన్ను వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు, అందుకే చల్లటి నీళ్లు తగిలినా జివ్వుమంటుంది.

ఇక ఎలక్ట్రిక్ సంగతి. వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014లో ఈ రెండు రకాల బ్రష్షులనూ పోల్చింది. మూడు నెలలకు పైగా ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవాళ్లలో, మామూలు బ్రష్ వాడినవాళ్లతో పోలిస్తే పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. తేడా ఉంది, కానీ మామూలు బ్రష్‌ను పారేయాల్సినంత కాదు. నా ఉద్దేశం అడిగితే, చేతి వేళ్లు సరిగా ముడుచుకోని పెద్దవాళ్లకు, పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు, ఎంత చెప్పినా అరనిమిషంలో ముగించేసేవాళ్లకు ఎలక్ట్రిక్ తీసుకోండి. రెండు నిమిషాలకు టైమర్ మోగేది, గట్టిగా నొక్కితే హెచ్చరించేది అయితే ఇంకా మంచిది. ఓపిగ్గా తోముకునేవాళ్లకు మామూలుది చాలు.

బ్రష్ రకం కన్నా తోమే తీరే ముఖ్యం. ఒకసారి అద్దం ముందు నిలబడి గమనించండి. కుచ్చు పన్ను మధ్యలో ఆడుతోందా, చిగురు అంచుకి తగులుతోందా? పాచి పేరుకునేది ఆ అంచులోనే. బ్రష్‌ను పిడికిట్లో బిగించకుండా పెన్నులా వేళ్లతో పట్టుకుని, కుచ్చును చిగురు వైపు సుమారు 45 డిగ్రీలు వంచి, ఒక్కోచోట రెండు మూడు పళ్ల మేర చిన్నచిన్నగా కదపాలి. కింది ముందు పళ్ల లోపలి వైపు చాలామంది వదిలేస్తారు. లాలాజలం ఊరే కొన్ని గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి, ఆ ఖనిజాలతో పాచి గట్టిపడి ఎక్కువగా గార కట్టేదీ అక్కడే.

మూడు నాలుగు నెలలకోసారి, కుచ్చు విచ్చుకుంటే అంతకన్నా ముందే బ్రష్ మార్చాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు రాత్రిపూట మనమే తోమాలి. ఆ వయసులోపు చేతికి ఆ నైపుణ్యం రాదు.

పేస్ట్ ఎంచుకునేటప్పుడు

పేస్ట్ డబ్బా మీద రంగులు, వాసనలు, తెల్లదనం హామీలు వదిలేసి వెనక చిన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని భాగాలు) మధ్య ఉంటే పుచ్చు నుంచి కాపాడే పేస్ట్ అని అర్థం. మిగతావి చాలావరకు రుచి కోసమే.

ఫ్లోరైడ్ అంటే భయపడే తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. ఆ భయంలో కొంత నిజం ఉంది. పళ్లు ఎముకలో తయారవుతున్న వయసులో పిల్లలు పేస్ట్‌ను రోజూ ఎక్కువగా మింగితే, తర్వాత వచ్చే పళ్ల మీద తెల్లటి మచ్చలు పడతాయి. దానికి విరుగుడు పేస్ట్ మానేయడం కాదు, కొలత పాటించడం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠానీ గింజంత. తాగే నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నచోట మాత్రం డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోవాలి.

తోమాక నోరంతా నీళ్లతో పుక్కిలించే అలవాటు దాదాపు అందరికీ ఉంటుంది. ఆ ఒక్క పుక్కిలితో ఫ్లోరైడ్ చాలావరకు కొట్టుకుపోతుంది. ఉమ్మేసి ఊరుకోండి. మొదటి వారం నోరు అదోలా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

పళ్లు జివ్వుమంటుంటే సెన్సిటివ్ పేస్ట్ పనిచేస్తుంది, కానీ ఒక్కరోజులో కాదు. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ రోజుకు రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడితేగాని తేడా తెలియదు. నెల తర్వాత కూడా ఒకే పన్ను జివ్వుమంటోందంటే అది పుచ్చో పగులో అయి ఉండొచ్చు, చూపించుకోండి. బొగ్గు పొడుల జోలికి మాత్రం వెళ్లకండి. తెల్లగా కనిపించేలా చేసేది అందులోని గరుకుదనమే. అది మరకతో పాటు ఎనామెల్‌నూ గీకేస్తుంది. ఎనామెల్ పలచబడితే కింద ఉన్న పసుపు డెంటిన్ పైకి కనిపిస్తుంది కాబట్టి, కొన్నాళ్లకు పళ్లు ముందుకన్నా పచ్చగా కనిపిస్తాయి.

ఫ్లాస్, సందుల బ్రష్, మౌత్‌వాష్

బ్రష్ కుచ్చు రెండు పళ్ల మధ్య సందులోకి వెళ్లదు. అక్కడ శుభ్రం చేసే పని ఫ్లాస్ అనే దారంతో చేయాలా, చిన్న బ్రష్‌తో చేయాలా అనేది మీ పళ్ల మధ్య చోటును బట్టి తేల్చుకోండి. పళ్లు బిగుతుగా ఉంటే ఫ్లాస్. చిగురు కొంచెం వెనక్కి పోయి సందులు ఏర్పడితే, ముప్పైలు నలభైలు దాటాక చాలామందికి ఇదే పరిస్థితి, సందుల బ్రష్ బాగా పనిచేస్తుంది, వాడటమూ తేలిక. మొదటి వారం రక్తం కనిపిస్తే భయపడి మానేయకండి. ఆ రక్తం వాచిన చిగురుది. రోజూ శుభ్రం చేస్తుంటే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే లోపల గార ఉందన్నమాట.

నీళ్ల ధారతో శుభ్రం చేసే పరికరం బ్రిడ్జ్ (పక్క పళ్లకు బిగించే కట్టుడు పన్ను), ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పన్ను), క్లిప్పులు ఉన్నవాళ్లకు బాగా ఉపయోగం. మిగతావాళ్లకు ఫ్లాస్ కుదరకపోతే ఇది ఉండటం నయం.

మౌత్‌వాష్ బ్రష్‌కు బదులు కాదు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది చిగుళ్ల జబ్బుకు, పన్ను తీయించుకున్న తర్వాత, డాక్టర్ చెప్పిన కొద్ది రోజులు మాత్రమే వాడాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి తెలియదు. ఆరేళ్లలోపు పిల్లలకు ఏ మౌత్‌వాషూ ఇవ్వొద్దు, మింగేస్తారు.

తీపి ఎంత అన్నదా, ఎన్నిసార్లు అన్నదా?

ఈ పోలిక ఎవరూ చేయరు గానీ, అన్నిటికన్నా ఎక్కువ పళ్లను కాపాడేది ఇదేనని నా నమ్మకం. తీపి నోట్లో పడ్డ కొన్ని నిమిషాల్లోనే పాచిలోని బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్‌లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మామూలు స్థితికి తెచ్చి, పోయిన ఖనిజాన్ని మళ్లీ పూడ్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అంటే పది చాక్లెట్లు ఒకేసారి తినేసిన పిల్లాడికన్నా, అవే పదింటిని గంటకొకటి చొప్పున రోజంతా చప్పరించిన పిల్లాడి పళ్లకే నష్టం ఎక్కువ. మొదటివాడి పళ్లకు ఒక్క దెబ్బే. రెండోవాడి పళ్లు కోలుకునేలోపే ఇంకో దెబ్బ.

పెద్దవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. తీపి పానీయం పక్కన పెట్టుకుని పనిచేసుకుంటూ గంటల తరబడి గుటకలు వేయడం కన్నా, భోజనంతో పాటు తాగి ముగించడం మేలు. పులుపు తిన్న వెంటనే బ్రష్ చేయకండి. అప్పుడు మెత్తబడి ఉన్న ఎనామెల్‌ను మీరే గీకేసినవారవుతారు, అరగంట ఆగండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి, రోజులో ఏదో ఒక పూటే తోముకోవడం కుదిరేవాళ్లు రాత్రిపూటనే ఎంచుకోవాలి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్లకు పై ముందు పళ్లు నాలుగూ ఒకేసారి పుచ్చిపోవడానికి కారణం ఇదే.

పిల్లలకు సీలెంటా, వార్నిషా?

రెండూ వేరువేరు పనులు చేస్తాయి. దవడ పన్ను నమిలే వైపు సన్నటి గాడులు ఉంటాయి, వాటిలోకి బ్రష్ కుచ్చు దూరదు. సీలెంట్ ఆ గాడుల్ని పూతతో మూసేస్తుంది. ఆరేళ్ల వయసులో పాల పళ్లన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు అది పాల పన్నే అనుకుని పట్టించుకోరు. జీవితాంతం ఉండాల్సిన ఆ పన్నుకే సీలెంట్ వేయించాలి. పన్నెండేళ్లప్పుడు దాని వెనక ఇంకొకటి వస్తుంది, దానికీ వేయించాలి. వార్నిష్ అంటే పళ్లన్నిటి మీదా బ్రష్‌తో పూసే చిక్కటి ఫ్లోరైడ్, ఏడాదికి రెండుసార్లు. పళ్ల మధ్య సందుల్ని, నున్నటి గోడల్ని అది కాపాడుతుంది. పుచ్చు త్వరగా వచ్చే పిల్లలైతే రెండూ చేయించండి. ఒకటే కుదిరితే, ఆరేళ్లలోపు వార్నిష్, ఆరు దాటాక సీలెంట్ అంటాను నేను.

పుచ్చు పడిన పాల పన్ను

మా పాప దగ్గరికే వస్తాను. మా ముందు మూడు దారులు పెట్టారు. ఒకటి, పన్ను లోపలి నరం శుభ్రం చేసి మందు పెట్టి, పైన స్టీలు క్యాప్ వేయడం. రెండు, పీకేసి, చోటు పోకుండా చిన్న లోహపు కమ్మీ, స్పేస్ మెయింటెయినర్, పెట్టడం. మూడు, పీకేసి అలా వదిలేయడం. మేము మొదటిది ఎంచుకున్నాం. ఆ వెండి రంగు క్యాప్ చూసి మొదట నాకే మనసు చివుక్కుమంది, పాప మాత్రం వారం తిరక్కుండా దాన్ని మర్చిపోయింది. పదకొండో ఏట క్యాప్‌తో సహా పాల పన్ను ఊడింది, దాని కింద ఎముకలో ఉన్న పన్ను తన చోటులోనే వచ్చింది.

అందరికీ మొదటి దారే కుదరదు. వేళ్ల దాకా చీము చేరినా, పన్ను మరీ విరిగిపోయినా తీయక తప్పదు. అప్పుడు రెండో దారి. త్వరలో ఊడే వయసులో ఉన్న పన్నయితే మూడోది చాలు. పదేళ్ల పిల్లాడి పాల దవడ పన్ను సంగతి ఒకటి, ఐదేళ్ల పిల్లాడిది ఇంకొకటి. డాక్టర్‌ని "ఈ పాల పన్ను కింద ఉన్న పన్ను ఎంతవరకు వచ్చింది?" అని అడగండి. ఎక్స్-రే చూస్తే వెంటనే చెప్పగలరు. సూది, డ్రిల్లు దగ్గర కుదురుగా కూర్చోలేని చిన్న పిల్లలకు పుచ్చు మీద పూసే సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. నొప్పి ఉండదు, చాలావరకు పుచ్చు అక్కడితో ఆగుతుంది. కానీ పూసినచోట పన్ను నల్లబడిపోతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

ఏ ఫిల్లింగ్?

ముందు ఫిల్లింగ్ అవసరమా అన్నది చూడాలి. పన్ను మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ ఉండి, ఇంకా గుంట పడలేదంటే, ఫ్లోరైడ్‌తో, తిండి వేళలు మార్చుకోవడంతో అది ఆగిపోవచ్చు. గుంట పడ్డాక మాత్రం వీటితో ఆగదు. అప్పుడు ఆలస్యం చేసిన ప్రతి నెలా ఒక దారి మూసుకుపోతుంది. ఇవాళ చిన్న ఫిల్లింగ్, తర్వాత పెద్ద ఫిల్లింగ్, ఆపై రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసేసి, శుభ్రం చేసి మూసేయడం), చివరికి పీకడం. కుటుంబంలో ఎవరికైనా చిన్న గుంట కనిపించి "నొప్పి లేదుగా, తర్వాత చూద్దాం" అంటే నేను ఊరుకోను. నొప్పి వచ్చేసరికి పుచ్చు నరం దగ్గరికి చేరి ఉంటుంది.

పన్ను రంగులో ఉండే కాంపోజిట్ పన్నుకి అంటుకుని పట్టుకుంటుంది కాబట్టి మంచి పన్నుని ఎక్కువ తొలవాల్సిన పని లేదు. కానీ వేసేటప్పుడు ఆ చోటు పూర్తిగా పొడిగా ఉండాలి, లేదంటే అంచుల దగ్గర మళ్లీ పుచ్చుతుంది. గ్లాస్ అయోనమర్ కొంచెం తడి ఉన్నా పనిచేస్తుంది, ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. కానీ నమిలే ఒత్తిడికి త్వరగా అరుగుతుంది. అందుకే పిల్లల పాల పళ్లకు, చిగురు దగ్గరి గుంటలకు అది, పెద్దవాళ్ల దవడ పళ్లకు కాంపోజిట్ అన్నది మామూలు లెక్క.

పాత వెండి రంగు ఫిల్లింగ్, అమాల్గమ్, చాలా ఏళ్లు మన్నుతుంది, కానీ అందులో సుమారు సగం పాదరసం. పాదరసం మీద 2013లో కుదిరిన మినమాటా ఒప్పందానికి 2022లో చేర్చిన నిర్ణయం ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు దీన్ని వాడకూడదు, డాక్టర్ తప్పనిసరి అనుకుంటే తప్ప. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది. అయితే మీ నోట్లో ఇప్పటికే ఉన్న అమాల్గమ్ బాగుంటే దాన్ని భయంతో తీయించకండి. తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, పైగా దాంతో పాటు మంచి పన్ను కూడా కొంత పోతుంది.

రూట్ కెనాలా, పీకడమా?

ఇళ్లలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ప్రశ్న ఇది. రెండూ నొప్పి తగ్గిస్తాయి. పీకడం ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ. రూట్ కెనాల్‌కు ఒకటి నుంచి మూడుసార్లు వెళ్లాలి, తర్వాత క్యాప్ వేయించాలి. అందుకని "వెనక పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది" అనుకుని పీకించేస్తారు. మా నాన్నగారు అదే చేశారు. కింది దవడ పన్ను తీయించుకుని పదేళ్లు హాయిగా ఉన్నారు. తర్వాత ఒకరోజు నోరు తెరిపించి టార్చ్ వేసి చూశాను. ఖాళీకి వెనక ఉన్న పన్ను ముందుకు ఒరిగిపోయి ఉంది. పైనున్న పన్ను ఆనుకోవడానికి కింద ఏమీ లేక ఖాళీలోకి దిగింది. ఆ ఒరిగిన సందులో ఇరుక్కున్నది బ్రష్‌కు అందక, ఒరిగిన పన్ను కూడా పుచ్చడం మొదలైంది. ఇంప్లాంట్ పెట్టిద్దామంటే ఆ చోట ఎముక సన్నబడిపోయింది. ఒక పన్ను ఖర్చు తప్పించబోయి మూడు పళ్ల సమస్య తెచ్చుకున్నాం.

అందుకే పన్ను నిలబెట్టే వీలుంటే రూట్ కెనాలే నా సలహా. మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు కాబట్టి భయపడినంత నొప్పి ఉండదు. జనం గుర్తుపెట్టుకునే నొప్పి చాలావరకు రూట్ కెనాల్‌కు ముందు పడ్డ బాధే. దవడ పన్నుకైతే ఆ తర్వాత క్యాప్ మానకండి. నొప్పి తగ్గిందిగా అని క్యాప్ లేకుండా వదిలేసిన పన్ను, లోపల బోలుగా ఉండి, ఏదైనా గట్టిది కొరికినప్పుడు నిలువునా చీలుతుంది. అలా చీలిన పన్నుని ఇక ఎవరూ నిలబెట్టలేరు.

పీకడమే సరైనదయ్యే సందర్భాలూ ఉన్నాయి. వేరు నిలువునా చీలినప్పుడు, చిగురు పైన క్యాప్ పట్టుకునేంత పన్ను మిగలనప్పుడు, చిగుళ్ల జబ్బుతో చుట్టూ ఎముక కరిగి పన్ను ఊగుతున్నప్పుడు రూట్ కెనాల్ చేయించడం వృథా. డాక్టర్‌ని సూటిగా అడగండి: "ఈ పన్ను మీ సొంతదైతే ఉంచుకుంటారా?"

జ్ఞాన దంతం లెక్క వేరు. పదిహేడు, పాతికేళ్ల మధ్య వస్తుంది. తిన్నగా వచ్చి, శుభ్రం చేసుకోగలిగితే దాన్ని ముట్టుకోవద్దు. అడ్డంగా ఇరుక్కుని మాటిమాటికీ చిగురు వాస్తుంటే, దాని పక్కనున్న పన్నుని పుచ్చబెడుతుంటే తీయించేయండి.

పోయిన పన్ను స్థానంలో

మూడు దారులు: ఇంప్లాంట్, బ్రిడ్జ్, తీసి పెట్టుకునే పన్ను.

బ్రిడ్జ్ వేయాలంటే ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్లను అరగదీసి క్యాపులు వేయాలి. ఆ పళ్లకు ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో క్యాపులో ఉంటే బ్రిడ్జ్ మంచి ఎంపికే, రెండు మూడు వారాల్లో అయిపోతుంది. చెక్కుచెదరని పళ్లయితే వాటిని అరగదీయడానికి నా మనసొప్పదు. అక్కడ ఇంప్లాంట్ మేలు. స్వీడన్‌కు చెందిన పరిశోధకుడు బ్రోనెమార్క్ టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని గమనించి, 1965లో మొదటి మనిషికి ఈ స్క్రూలు పెట్టారు. అవి ఆ రోగి చనిపోయేదాకా, 40 ఏళ్లు, పనిచేశాయి. కానీ ఎముకతో అతకడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పొగతాగేవాళ్లకు, షుగర్ అదుపులో లేనివాళ్లకు అతకకుండా పోయే ప్రమాదం ఎక్కువ. ఎదిగే వయసు పిల్లలకు పెట్టకూడదు. దవడ పెరుగుతుంటే పక్క పళ్లు దానితో పాటు కదులుతాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండి లోతుగా కనిపిస్తుంది. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్న పెద్దవాళ్లు ఇంప్లాంట్‌కైనా, పన్ను తీయించుకోవడానికైనా ముందు ఆ మందుల పేర్లు డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

తీసి పెట్టుకునే పన్ను అన్నిటికన్నా చవక, పక్క పళ్లను పెద్దగా అరగదీయదు, రేపు ఇంప్లాంట్‌కు వెళ్లే దారి తెరిచే ఉంచుతుంది. డబ్బులు కూడే వరకు ఖాళీగా వదిలేయడం కన్నా ఇది చాలా నయం. పళ్లన్నీ పోయి పూర్తి సెట్టు పెట్టుకునే పెద్దవాళ్లకు కింది సెట్టు నాలుకతో పాటు కదిలిపోతూ ఏడిపిస్తుంది. కింద రెండు ఇంప్లాంట్లు పెట్టి వాటికి సెట్టును బిగిస్తే ఆ బాధ చాలావరకు పోతుంది, నిండుగా ఇంప్లాంట్లు పెట్టించాల్సిన పని లేదు. సెట్టును రాత్రి తీసేసి నీళ్లలో ఉంచాలి. పేస్ట్‌తో రుద్దితే గీతలు పడతాయి, సబ్బుతో మెత్తగా కడిగితే చాలు. కడిగేటప్పుడు కింద నీళ్లున్న గిన్నె పెట్టుకోండి, జారితే పగలదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

కావు. గార రాయిలా గట్టిపడి పళ్లను సిమెంటులా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. దాని కింద ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది. గార తీసేసరికి ఆ వదులు బయటపడుతుంది, అంతే. తీయకుండా వదిలేస్తే ఎముక ఇంకా పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకైతే చిగుళ్ల జబ్బు, రక్తంలో చక్కెర ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. కాబట్టి వాళ్లు ఆరు నెలలకోసారి చూపించుకోవడమే మంచిది. గర్భిణులు కూడా చికిత్స వాయిదా వేయనక్కర్లేదు, నాలుగు నుంచి ఆరో నెల వరకు అన్నిటికన్నా అనుకూలం.

క్లిప్పులా, అలైనర్లా అన్నది పిల్లల స్వభావాన్ని బట్టి తేల్చుకోండి. అలైనర్లు అంటే పళ్లను సరిచేసే, తీసి పెట్టుకునే పారదర్శక తొడుగులు, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తీసి ఎక్కడో పెట్టి మర్చిపోయే పిల్లాడికి క్లిప్పులే మేలు. ఏదైనా, అయిపోయాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాతచోటికి జరుగుతాయి.

పోల్చుకుంటూ కూర్చోకూడని వేళలు

పంటినొప్పికి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం చాలా ఇళ్లలో చూస్తాను. నరం వాచి వచ్చే నొప్పికి ఆ మందు పనిచేయదు. అక్కడ కావాల్సింది పన్నుకి చికిత్స. అందాకా పారాసిటమాల్, లేదా కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లాంటివి లేకపోతే ఇబుప్రోఫెన్, చీటీ మీద రాసిన మోతాదులో వాడొచ్చు. మాత్రను పన్ను పక్కన చిగురు మీద పెట్టుకోకండి, చిగురు కాలిపోతుంది.

ముఖం వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడమో మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమవుతుంటే క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి ఆ రాత్రే వెళ్లాలి.

పడిపోయి శాశ్వత పన్ను వేరుతో సహా ఊడిపోతే దాన్ని పైభాగం పట్టుకుని ఎత్తండి, వేరు ముట్టుకోవద్దు, రుద్ది కడగొద్దు. మట్టి అంటితే నీళ్లతో పది సెకన్లు తొలిపి, అదే గుంటలో తిరిగి పెట్టి, గుడ్డ కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే చల్లటి పాలలో వేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. అరగంటలోపు చేరితే పన్ను అతుక్కునే అవకాశం బాగా ఎక్కువ, గంట దాటితే తగ్గిపోతుంది. ఊడింది పాల పన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న పన్ను దెబ్బతింటుంది.